ఒక్క మాటా తెగనివ్వని సుగుణవ్వ

సుగుణవ్వ కన్నుమూసిందని హుజూరాబాద్ నుంచి మా బాపు ఫోన్ చేసినప్పుడు నేను డ్రమ్ముల ముందే కూర్చుని ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి, ఎప్పుడో ఒకప్పుడు వినక తప్పని వార్తే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

పొలం కూలికి పోతూనే మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకుని, నలభై ఏళ్లు కీర్తనలు కట్టిన ధన్యజీవి ఆమె. మా వైపు సంఘాల్లో పంటల పండుగ ఆరాధన ఆమె పాట లేనిదే ముగిసేది కాదు. అయితే పాడినవారల్లా మాటలు మార్చారు, అచ్చు వేసినవారల్లా దిద్దారు. తాను కట్టింది కట్టినట్టుగా ఒక్కసారి వినాలన్నదే ఆమె ఏకైక కాంక్ష.

అది తీర్చబోయినవాళ్లం మేము. అప్పట్లో కరీంనగర్ కాలేజీలో జులపాలు పెంచుకుని, చెవులు చిల్లులు పడేలా వాయించే నలుగురు కుర్రాళ్ల మెటల్ బ్యాండ్. ఆమె కీర్తనలతో క్యాసెట్ చేస్తామంటే అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పాట నాది, మోత మీది. మాట మాత్రం ముట్టద్దు కొడుకా" అంది.

మేం ముట్టాం. "నాగలి మోసిన భుజానికే సిలువ బరువెరుక" అన్న చరణం మా దరువులో పట్టలేదు. మా గిటారిస్టు ప్రభాకర్ దాన్ని "నాగలికే సిలువెరుక" అని కుదించాడు. రిహార్సల్‌లో అది విని ఆమె లేచి నిలబడింది.

"నాగలికేం ఎరుక? మోసిన భుజానికెరుక. భుజమే కోసినంక ఇంకేం పాడుతరు?"

చెప్పులేసుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. క్యాసెట్ అటకెక్కినట్టే అనుకున్నాం. నిజానికి తప్పు ప్రభాకర్‌ది కాదు, నాది. నేను ఊపిరాడకుండా కొడుతుంటే అతను పాపం మాటలు కోయక ఏం చేస్తాడు?

మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళ్తే వాకిట్లో మిరపకాయలు దంచుతోంది. రెండో రోకలి నా చేతికిచ్చింది.

"నాది లేసినప్పుడు నీది పడాలె. రెండు ఒక్కసారే పడితే రోకండ్లు కొట్టుకుంటయి. జర చూసి దంచు."

దంచుతూ అదే చరణం పాడింది. నేను మూడుసార్లు ఆమె రోకలికి అడ్డం తగిలాను, ముప్పైసార్లు తుమ్మాను. నాలుగో విడతకు విషయం బోధపడింది. ఆమె రోకలి ఎత్తినప్పుడు ఊపిరి తీసుకుంటోంది, దించినప్పుడు మాట వేస్తోంది. నా దెబ్బ పడవలసింది ఆ ఊపిరి దగ్గర. ఇన్నాళ్లూ నేను ఆమె మాటల నెత్తినే మోదుతున్నాను.

ఆ వారమే రికార్డు చేశాం. నేను భయపడుతూ మెల్లగా కొడుతుంటే, "గట్టిగ కొట్టు కొడుకా, ఫికర్ చెయ్యకు. నా జాగ నాకిచ్చినవ్, ఇగ నీ జాగల నువ్వు ఉరుము" అంది. ఉరిమాను. ఆ వణికే గొంతు మూడు గిటార్లను దాటి పైకి లేచింది. టేపు తిప్పి వినిపిస్తే పెదవులు కదుపుతూ ప్రతి మాటా సరిచూసుకుంది. చివరికి, "అన్నీ ఉన్నయి" అంది. నా జీవితంలో అంతకు మించిన బిరుదు నాకు దక్కలేదు.

నవ్విన నోళ్లే ఆ క్యాసెట్ కొన్నాయి. హుస్నాబాద్ అంగట్లో, బోథ్ చాయ్ హోటళ్లలో టేపు అరిగేదాకా మోగింది.

నిన్న సమాధి దగ్గర పాస్టరుగారు మమ్మల్ని పాడమన్నారు. మేం ముందుకు వచ్చేలోపే నాట్లు వేసే ఆడవాళ్లు అందుకుని ఆమె కీర్తన మొదటినుంచి చివరిదాకా పాడారు. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. ఒక్క మాటా తప్పలేదు. అలాంటి పాటగత్తెను ఈ నేల మళ్లీ కంటుందని నేననుకోను. ఆమె కట్టింది కట్టినట్టే ఉంది, వినడానికి ఆమే లేదు.