జోయెల్ కామిక్‌లో తలుపు వేసిన అమ్మ

నిన్న ఉదయం ట్రైన్‌లో యూనివర్సిటీకి వెళ్తున్నాను. బాబాయ్ ఫోన్ చేసి, "అమ్మా, మన జోయెల్ లేడమ్మా" అన్నారు.

"ఎక్కడికి మార్చారు బాబాయ్?" అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. హాస్పిటల్‌లో వార్డు మార్చారనుకున్నాను.

పుట్టినప్పటి నుంచీ వాడి గుండెకు సమస్య ఉంది. హాస్పిటల్‌కు వెళ్ళడం, నాలుగు రోజులుండి నవ్వుతూ తిరిగి రావడం మా ఇంట్లో మామూలే. ఈసారీ వస్తాడనే అందరం అనుకున్నాం.

జోయెల్ మా పిన్ని కొడుకు. ఇక్కడే, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో పెరిగాడు. తెలుగు అర్థమయ్యేది కానీ జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది. చదువుకోవడానికి సిడ్నీ వచ్చి నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని నన్ను, వచ్చిన వారానికే, "అక్కా, డూ యూ లైక్ వేర్‌వుల్ఫ్స్?" అని అడిగాడు.

ఇది చదువుతున్న మీకు వాడి కామిక్ తెలుసు. పౌర్ణమికి తోడేలుగా మారే కుర్రాడి కథ. వాడే రాసి, వాడే గీసి, ప్రింట్ తీసి, చిన్న పుస్తకాలుగా స్టేపుల్ చేసి, మార్కెట్లలో టేబుల్ వేసుకుని అమ్మేవాడు. మీలో చాలామంది కొన్నారు.

చాలామందికి అర్థం కాలేదు.

నాకూ కాలేదు. మూడో సంచికలో వేటగాళ్ళు తరుముతున్న తోడేలు ఇంటి బయట ఉండిపోతుంది. నాలుగో దాంట్లో వాళ్ళమ్మ దాన్ని ఇంట్లోనే వెతుకుతూ ఉంటుంది. ఐదో దాంట్లో రెండు తోడేళ్ళు, ఒకటి లోపల, ఒకటి బయట.

"ఒరేయ్, నీకైనా అర్థమవుతోందా ఇది?" అని ఏడిపించేదాన్ని.

"దట్స్ ద స్టోరీ నౌ, అక్కా" అనేవాడు.

నిన్న సాయంత్రం ఇంటి నిండా చర్చి వాళ్ళు. ఒక ఆంటీ టేబుల్ మీది పుస్తకం తీసి, "ఏంటమ్మా ఇవి, దయ్యాల బొమ్మలా?" అన్నారు. పిన్ని ఆవిడ చేతిలోంచి పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

అది మూడో సంచిక. కొడుకు కామిక్ పిన్ని చదవడం అదే మొదటిసారి.

కాసేపటికి నన్ను పిలిచింది.

"ఇందులో అమ్మ నేనేనా?"

కాదనలేను. అదే ముడి, అదే నైటీ మీద స్వెటర్.

"మరి నేను తలుపేసి గడియ పెట్టాక వాడొచ్చి గీకి గీకి, గుమ్మంలో ముడుచుకు పడుకున్నాడేంటే? నేను తియ్యలేదా? వాణ్ణి హాస్పిటల్‌లో వదిలేసి నైట్ డ్యూటీలకి పోయేదాన్నే, అదా? అమ్మ నన్ను బయట పెట్టేసింది అనుకున్నాడా? నువ్వు అన్నీ చదివావుగా, చెప్పు."

"కథే కదా పిన్నీ" అన్నాను.

అంతకన్నా చేతకాని మాట నేను ఎప్పుడూ అనలేదు.

ఈ ఉదయం ఆ సంచిక మళ్ళీ తీశాను. స్టేపుల్ పిన్నులు వదులై కాగితాలు విడిపోయాయి. తిరిగి సర్దుతుంటే రెండు పేజీలు పక్కపక్కన చేరాయి. ఎడమ పేజీలో ముడుచుకుని పడుకున్న తోడేలు. దాని తోక పేజీ అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. కుడి పేజీలో గడియ పెడుతున్న అమ్మ. కింద మూలన ఒక నల్ల మరక. ఇన్నాళ్ళూ ఇంకు అంటిందనుకున్నాం.

అది తోక కొస. రెండు పేజీలూ కలిపి ఒకే గది.

తోడేలు వచ్చి తలుపు గీకుతుంది. ఒకే గదిలో ఉన్నారంటే అమ్మ లోపలికి తీసుకున్నట్టే. తరుముకొస్తున్న వేటగాళ్ళ చేతికి చిక్కకుండా, ఆ తర్వాత గడియ పెడుతుంది. జోయెల్ గీసిన వరుస అది.

దాన్ని తారుమారు చేసింది నేను.

ఆ సంచిక కాపీలన్నీ మడిచి స్టేపుల్ చేసింది నేనే. ఒక శనివారం మధ్యాహ్నం, కిచెన్‌లో కూర్చుని. స్కూల్లో సిస్టర్ నేర్పినట్టు స్కేలుతో మడతలు నొక్కుతూ, ఎంత నీటుగా వస్తున్నాయో అని మురిసిపోతూ. పేజీలకు నంబర్లు వేయడం వాడికి ఇష్టం ఉండేది కాదు. లోపలి కాగితాల్లో రెండింటిని ఒకదాని చోట ఒకటి పెట్టేశాను. అన్నిట్లోనూ.

వాడు ఒక కాపీ తిరగేశాడు. ఒక పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"సో నీట్, అక్కా" అన్నాడు.

మళ్ళీ ప్రింట్ వేయలేదు. నాకు చెప్పలేదు. ఆ తప్పు వరుసే అసలు కథ అయినట్టు, తర్వాతి సంచికలన్నీ దానికి తగ్గట్టు గీశాడు. మీకు అర్థం కాని కథ, నేను వెక్కిరించిన కథ, నా చేతుల్లో తయారైంది.

ఒకసారి మార్కెట్‌లో ఒకతను, "సో ఈజ్ ద మమ్ ద విలన్, మేట్?" అని అడిగాడు. జోయెల్ నన్ను చూపించి, "ఆస్క్ మై అక్కా. షీ మేడ్ దిస్ వన్" అన్నాడు. పొగుడుతున్నాడనుకుని తల దించుకున్నాను.

ఇప్పుడు ఆ టేబుల్ గుర్తొస్తే ఎక్కడ దాక్కోవాలో తెలియడం లేదు.

సరిచేసిన పుస్తకం పిన్నికి ఇచ్చాను. తప్పు నాదని చెప్పాను. నాకే సరిగ్గా వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

పిన్ని నా వైపు చూడలేదు. పేజీ వైపే చూస్తోంది.

"లోపలే ఉన్నాడా?"

"లోపలే ఉన్నాడు పిన్నీ. నువ్వే తీసుకొచ్చావు."

ఆ నల్ల మరక మీద వేలు పెట్టింది. "వెధవ. ఇల్లంతా వాడిదే అయినట్టు ఎలా పడుకున్నాడో చూడు" అంది. అప్పుడు ఏడ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి.

మీ దగ్గర మూడో సంచిక ఉంటే దయచేసి పిన్నులు తీయండి. అట్ట తర్వాత వచ్చే రెండు కాగితాల్ని ఒకదాని చోట ఒకటి మార్చండి. కుదరకపోతే ప్రార్థనకు వచ్చేటప్పుడు తెచ్చి నాకివ్వండి, నేను చేసిస్తాను. ఆ అమ్మను తప్పుగా అనుకున్నవాళ్ళు ఇంకొక్కసారి చదవండి.

జోయెల్, ఆ రోజు చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని. అది నీకు తెలుసు. అందుకే నీ కథ మార్చుకున్నావు.

క్షమించరా.

వెళ్ళిరా తమ్ముడూ. అలసిపోయిన నీ గుండెకు ప్రభువు నెమ్మదినివ్వాలి.