నిలబడి వచ్చిన మనిషి

చేవెళ్లలో మా మొయినాబాద్ కబడ్డీ జట్టు మళ్లీ ఓడిపోయింది. తిరుగు బస్సులో నా పక్క సీటతను జట్టు బనియన్ తొడుక్కుని ఉన్నాడు. ఆట చూస్తూ అరిచి అరిచి అతని గొంతు పోయింది.

“మడమ బెణికినోన్నే మళ్ల కూతకు తోలిండన్నా, ఆ కోచ్! గిట్లయితే ఎట్ల గెలుస్తం? జట్టు ప్రెసిడెంట్‌కు సలాం కొడ్తడు, గందుకే వానికి ఫికర్ లేదు. ఆ ప్రెసిడెంట్ మొకం గూడ మాకెరుక లేదు. తాత ఆటకు జాగ ఇచ్చిండని మనుమడు పెద్దరికం చేస్తుండు. ఆ జాగ ఎన్నడో అమ్ముకున్నరు, పెద్దరికం మాత్రం ఇడువరు.”

మా ఇంటి గురించి అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. నిటారుగా కూర్చుని, “ఆ ప్రెసిడెంట్ నేనే” అన్నాను.

అతను గబుక్కున లేచి చేతులు జోడించాడు.

“తెల్వక నోరు జారిన పటేలా.”

“కూర్చో. కోచ్‌ను మార్చాలంటావా?”

“మీ ఇష్టం పటేలా.”

ఎంత చెప్పినా కూర్చోలేదు. మొయినాబాద్ దాకా నిలబడే వచ్చి, దిగిపోయాడు.

కోచ్‌ను మార్చాను. ఓడుతూనే ఉన్నాం. ఇప్పుడు ప్రతి ఆటకూ వెళ్తున్నాను. నన్ను చూసి జనం లేచి నిలబడతారు. జట్టు గురించి మాత్రం నాతో ఎవరూ ఏమీ అనరు.