కజ్జికాయల తనిఖీ

పోయిన క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, మంగళవారం, పొద్దున పదిన్నరకు నా స్టీలు డబ్బా మీద పోలీసులు పడ్డారు. డబ్బా నాది. అందులోని కజ్జికాయలు, నిప్పట్లు, మణుగుపూలు నేను చేసినవి. పడాల్సింది నా మీద. కానీ ఆ రోజు ఉద్యోగం ఊడబోయింది మాత్రం చక్రాల కుర్చీ తోసే అమ్మాయికి.

మాది వాకాడు మండలంలో సముద్రం పక్క ఊరు. మా చెల్లెలు హైదరాబాదులో ఉంటుంది. నాకు మోకాళ్ళు పోయినప్పటి నుంచి ఏటా డిసెంబరులో నాకు విమానం టికెట్టు కొంటుంది. ప్రేమతో అనుకునేరు. బస్సులో పోతే ఏ ఊరి దగ్గర ఎక్కడ నొప్పి పుట్టిందో వారం రోజులు చెబుతాను. అది వినలేక.

మాకు అందుబాటులో ఉన్న విమానాశ్రయం చిన్నది. మా చర్చి పక్కనున్న కల్యాణమండపం దానికన్నా పెద్దగా ఉంటుంది. అక్కడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి విమానం దాకా తోసే అమ్మాయి విడవలూరు వైపు పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. అంతకు ముందు ఏడు విమానం దగ్గర నా చెప్పు గాలికి ఎగిరిపోతే, ఆ అమ్మాయి దాని వెంట కోడిపిల్ల వెంట పడినట్టు పరుగెత్తి పట్టుకొచ్చింది. నేను కొంగు ముడి విప్పి డబ్బులు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వొద్దవ్వా. ఆ బోర్డు చూడు."

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. గోడ మీద ఏది రాసి ఉన్నా చదవకుండా దాటను. కూడబలుక్కుంటూ పైకే చదివాను. సిబ్బందికి టిప్పులు గానీ బహుమతులు గానీ ఇవ్వరాదట.

"ట్రాలీలు తోసే అన్న చేతిలో ఎవురో నోటు పెడితే, మెడలో పాసు లాగేసినారు. ఆ అన్న ఇప్పుడు ఇంట్లో కూర్చోనుండాడు" అంది.

ఇది తెలిసి కూడా నేను డబ్బా ఎందుకు తీసుకుపోయానంటే, మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్‌కు వండినవి ఇంటింటికీ పంచుతాం, సాయిబుల ఇళ్ళకూ హిందువుల ఇళ్ళకూ కూడా. ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్ళు మాత్రం పండగ తిండి చేత్తో అందుకోరు. అలాగని వాళ్ళను వదిలేయం. గిన్నె తీసుకుపోయి వాళ్ళ అరుగు మీద పెట్టి, పిలవకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాం. వాళ్ళు తీసుకున్నట్టూ కాదు, మేము ఇచ్చినట్టూ కాదు. ఇంట్లో పిల్లలు తింటారు. చేత్తో తీసుకోకూడని మనిషికి తిండి పెట్టడానికి నాకు తెలిసిన దారి అదే.

విమానాశ్రయంలో అరుగు లేదు. ఒక స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. పని లేనప్పుడు ఆ అమ్మాయి అందులో కూర్చుంటుంది. మా ఆయన పాత నీలం గళ్ళ లుంగీ చించి డబ్బాను మూట కట్టాను. ఎవరూ చూడకుండా ఆ కుర్చీలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి దూరంగా కూర్చున్నాను. చాలా బాగా చేశాననుకున్నాను.

అమ్మాయి ఇంకో వైపు నుంచి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. తన కుర్చీ వైపు చూడనే లేదు. నన్ను ఎక్కించుకుని నాలుగడుగులు వేసిందో లేదో మైకు మొదలైంది. నీలం గళ్ళ గుడ్డలో కట్టిన వస్తువు ఎవరిదో వెంటనే వచ్చి చెప్పాలట, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదట.

కుర్చీ ఆగిపోయింది. అమ్మాయి నా ముందుకు వచ్చి వంగి నా ముఖంలోకి చూసింది.

"అవ్వా, లుంగీలో మూట కట్టుకొచ్చేది ఈ ఎయిర్‌పోర్టుకంతా నువ్వొక్కదానివే. నీదేనా?"

"నీది. నీ కుర్చీలో పెట్టినా గదా."

"నా కొంప ముంచినావు గదవ్వా! నెలాఖరుకి మా కాంట్రాక్టు మళ్ళా రాయాల. గిఫ్టు తీసుకున్నానంటే పాసు లాగేస్తారు."

"నువ్వు తీసుకోలేదు గదా?"

"ఆ మాట సారుకి చెప్పు, పా!"

మేము వెళ్ళేసరికి నా డబ్బాను ఇద్దరు పోలీసులు బాలింత బిడ్డను మోసినట్టు మోసుకుపోయి స్కానింగ్ మిషన్‌లో పెట్టారు. తెర మీద మణుగుపూలు చుట్టలు చుట్టలుగా కనిపించాయి.

"వైర్లు సార్!" అన్నాడు మిషన్ దగ్గర కూర్చున్నవాడు.

"వైర్లు కాదు నాయనా, వరిపిండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళ పెద్ద సారు మీసాలాయన, గోదావరి వైపు మనిషి. మర్యాద ఎక్కువ.

"డబ్బా మీదాండీ?"

"నాదే."

"మరి ఆ కుర్చీలో ఎందుకు వదిలేశారండీ? ఎవరి కోసం?"

నిజం చెబితే ఆ అమ్మాయి పాసు పోతుంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మంచిదాన్నని కాదు, ఏం చెప్పానో తర్వాత గుర్తుండదు.

"పండగ కోసం" అన్నాను.

"ఎవరి కోసం అని అడిగానండీ."

"తినే వాళ్ళ కోసం."

ఆయన స్తంభం పక్కనున్న కుర్చీని చూశాడు. తర్వాత అమ్మాయిని చూశాడు. అమ్మాయి మెడలోని పాసును గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆ కుర్చీ ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. మీసాలాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఒక పని చేయండి. మీరే తెరిచి, మా ముందు ఒకటి తిని చూపించండి. ప్రమాదం లేదని మాకూ తెలుస్తుంది."

నేను నోరు బార్లా తెరిచి చూపించాను. ఆయన లోపలికి తొంగి చూసి వెనక్కి తగ్గాడు.

"పళ్ళు లేకుండా ఇంత గట్టివి ఎందుకు చేశారండీ?"

"పళ్ళుండే వాళ్ళకి. నీకుండాయి గదా, నువ్వు తిను."

"నేను తీసుకోకూడదండీ."

"తీసుకోమని ఎవురన్నారు? చెక్ చెయ్యి. మిషన్ని నమ్ముకుంటే వైర్లంటుండాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీసాలాయన నవ్వలేదు. ముఖం గంభీరంగా పెట్టి పైన ఉన్న కెమెరా వైపు చూసి, "తనిఖీ!" అని గట్టిగా చెప్పి, ఒక మణుగుపువ్వు తీసి కరకరా నమిలాడు. మేమందరం ఆయన దవడల వైపే చూస్తూ నిలబడ్డాం.

"పై వరస పరవాలేదు" అన్నాడు చివరకు. "కింద వరస చూడాలి."

కింద వరస మిషన్ అతను చూశాడు. మధ్య వరస మీద అనుమానం ఉందని మోసుకొచ్చిన పోలీసులిద్దరూ చూశారు. నేల తుడిచే అక్క చీపురు గోడకు ఆనించి వచ్చి, డబ్బాను మొదట చూసింది తానేనని, తాను తినకపోతే తనిఖీ పూర్తి కాదని వాదించి రెండు నిప్పట్లు చూసింది. టీ కొట్టు అన్న, ఉత్త నోటితో ఇంత పెద్ద తనిఖీ కష్టమని టీ పట్టుకొచ్చాడు. టీకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు, నా దగ్గరే.

అమ్మాయి ఒక్కతే దూరంగా నిలబడి ఉంది. మీసాలాయన డబ్బా ఆమె వైపు తిప్పాడు.

"నువ్వూ చెయ్యమ్మా. డ్యూటీలోనే ఉన్నావుగా."

"పాసు పోదు గదా సార్?"

"తనిఖీ చెయ్యకపోతే పోద్ది."

అమ్మాయి పాసు వదిలేసి కజ్జికాయ తీసుకుంది. కొరికింది. కొబ్బరి పొడి గడ్డం మీద రాలింది.

మీసాలాయన చేతిలోని వాకీటాకీలో పైవాళ్ళకు చెప్పాడు. "డబ్బా పూర్తిగా తనిఖీ చేశాం సార్. లోపల ఏమీ లేదు." అది నిజమే. అడుగున నూనె మరకలు తప్ప ఏమీ మిగలలేదు.

విమానం కొంచెం ఆలస్యమైంది. పొగమంచు అన్నారు. బయట ఎండ మండిపోతోంది. అమ్మాయి నన్ను విమానం వైపు తోసుకుపోతూ చెవి దగ్గర వంగింది.

"నిప్పట్లలో ఉప్పు చాల్లేదవ్వా."

"వచ్చే ఏడు నువ్వే చేసుకో మే."

"ఇంకో రెండు కజ్జికాయలు జేబులో ఉండాయి" అంది నవ్వుతూ. "ఇంటికాడ మా పిల్లోళ్ళ చేత తనిఖీ చేయించాల."

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: నేను, విడవలూరు అమ్మాయి, మీసాల సారు, ఇద్దరు పోలీసులు, వరిపిండిని వైర్లన్న మిషన్ అతను, నేల తుడిచే అక్క, టీ కొట్టు అన్న, మా వెనక వరసలో నిలబడి మణుగుపూల వైపు చూస్తూ గుటకలు మింగిన ప్రయాణికులు. బయట కారు దగ్గర మా ఊరి సాయిబు డ్రైవరు ఉన్నాడు గానీ, ఆయన తన వంతు దారిలోనే తినేశాడు. విమానం నడిపే ఆయన లోపలే కూర్చుని ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు. ఆయనకు నిప్పట్టు ముక్క కూడా దక్కలేదు.