వెల్లకిలా తిరిగిన ముక్క

ఆ రోజు పుంగనూరులో, మా అత్తగారింట్లో, నేనొక ఆడపిల్లను దొంగను చేశాను. నోటితో చెప్పలేదు, పేకముక్కతో చెప్పించాను. నోటితో చెప్పి ఉంటే ఎవరో ఒకరు ‘నువ్వు చూసినావా’ అని అడిగి ఉండేవాళ్ళు. ముక్కను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజు మా పాపకు చెవులు కుట్టించే పండగ. మేముండేది మదనపల్లెలో. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో నేను కండక్టరును. పాపను మేనమామ ఒళ్ళో కూచోబెట్టుకోవాలి, కమ్మలు అమ్మమ్మ ఇంటివాళ్ళు పెట్టాలి. అది మా ఆనవాయితీ. మా అత్త ముచ్చటపడి చేయించిన బంగారు కమ్మలు ముందురోజు నుంచి దేవుడి గూట్లో, ఇత్తడి కుంకుమ భరిణెలో ఉన్నాయి. చెవులు కుట్టే ఆచారి వచ్చి పీట మీద కూచున్నాక భరిణె తెరిస్తే కమ్మలు లేవు.

గూడంతా వెతికారు. పరుపులు దులిపారు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి కలిపారు. చివరికి ఆచారి తన సంచిలోని వెండి తీగెలతోనే చెవులు కుట్టి వెళ్ళిపోయాడు. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నా తరఫు చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూచున్నారు. వాళ్ళ ఎదుట మా అత్త తలెత్తలేకపోయింది. మనవరాలికి కమ్మలు పెట్టలేని ఇల్లయిపోయింది కదా తనది.

పొద్దున దేవుడి గూడు తుడిచింది చిన్నకోడలు. మా చిన్న బావమరిది కుప్పంలో పని చేసేటప్పుడు ఇష్టపడి చేసుకున్న అమ్మాయి. ఆ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. ఆమె మాటలో తెలుగు, అరవం కలిసిపోయి వస్తాయి. ఎవరూ పైకి ఏమీ అనలేదు గానీ అందరి చూపులూ ఆమె మీదే ఉన్నాయి. ఆమెకూ తెలుస్తోంది. సాంబారు వడ్డించడానికి వచ్చినప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా ఆకుల వైపే చూస్తూ వడ్డించింది.

మా అత్త అక్కను అందరం పెద్దమ్మ అంటాం. ఆమె అన్నం కలుపుతూ కలుపుతూ చేయి ఆపి, “చౌడేపల్లె తట్టు అంజనం ఏసేటోడు ఒకడుండాడు. తమలపాకులో ఎవురు తీసిందీ కండ్లకు కట్టినట్టు సూపిస్తాడంట” అంది.

“చౌడేపల్లె దాకా యాల పెద్దమ్మా?” అన్నాడు మా చిన్న బావమరిది. ఇంట్లో బిగుసుకున్న గాలి కాస్త వదులవుతుందని అన్నాడే గానీ, అందులో వేరే ఉద్దేశం లేదు. “మన బావ ఉండాడు కదా. టికెట్ మిషన్ అన్నా మరిచిపోతాడు గానీ పేక లేకుండా బస్సెక్కడు.”

అందరూ నవ్వి నా వైపు తిరిగారు. వద్దు అనాల్సింది. నేను చేయి కడుక్కుని వచ్చాను.

నాకు ముక్కల విద్య నేర్పింది మదనపల్లెలో గాజుల అంగడి పెట్టుకున్న ఒక పెద్దాయన. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. స్కూళ్ళలో, పెళ్ళిళ్ళలో మ్యాజిక్ చూపిస్తాడు. కుప్పం బస్టాండులో బండి మళ్ళీ బయలుదేరే దాకా డ్రైవరు కునుకు తీస్తే, నేను వెనక సీట్లో కూచుని ఆయన చెప్పింది సాధన చేసేవాడిని. ముక్కలు జారి సీట్ల కింద పడేవి. వంగి ఏరుకుంటుంటే ఒక ముసలాయన కిటికీలోంచి తొంగిచూసి, “ఏమప్పా, ఒగనివే లోపల-బయట ఆడుకుంటాండావా? గెలిచేదెవురు, ఓడేదెవురు?” అన్నాడు. ఇంకొకాయన నేను డ్యూటీలో జూదం ఆడుతున్నానని డిపోలో చెప్పి వచ్చాడు. అన్ని మాటలు పడి నేర్చుకున్న విద్య కాబట్టి, ఎవరైనా చూపించమంటే కాదనలేకపోయేవాడిని.

పెద్దాయన మూడు మాటలు చెప్పేవాడు. చిటికెన వేలును నమ్ముకో. నీ చేతులు కాదు, జనం కండ్లు చూడు. ఎట్ల చేసినావో ఎవురికీ చెప్పొద్దు.

నేను చాప పరిచి ఇంట్లో పెద్దవాళ్ళందరినీ చుట్టూ కూచోబెట్టాను. ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క తీసి, చూసి గుర్తుపెట్టుకుని, నాకు మాత్రం చూపించకుండా తిరిగి పేకలో పెట్టాలి. “కమ్మలు ఎవరి దగ్గర ఉండాయో వాళ్ళ ముక్క వెల్లకిలా తిరుగుతుంది. మిగతావన్నీ బోర్లా ఉంటాయి” అని గొంతు మార్చి చెప్పాను. ఒక పిల్లాడు సెల్‌ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టాడు.

కిటుకు ఇక్కడ రాసేస్తున్నాను. ఒకరు పెట్టిన ముక్క మీద మిగతా పేకను మూసేటప్పుడు ఆ మధ్యలో చిటికెన వేలి కొన దూర్చి ఉంచాలి. చూసేవాళ్ళకు పేక మూసుకున్నట్టే ఉంటుంది. ఆ సందు దగ్గర పేకను కోసి, పై భాగాన్ని కిందికి పెడితే ఆ ముక్క పైకి వస్తుంది. వాళ్ళను మాటల్లో పెట్టి దాన్ని తిప్పేసి, ఇంకోసారి కోస్తే మధ్యలోకి పోతుంది. మిగతావాళ్ళ ముక్కలు ఏమైనా మనకు పట్టదు. ఎవరి ముక్క దగ్గర వేలు పెడితే వాళ్ళే దొంగ.

నేను అనుకున్నది మా అత్త ముక్క దగ్గర పెట్టాలని. ‘నువ్వే యాడో పెట్టి మరిచిపోయినావు అత్తా’ అంటే అందరూ నవ్వుతారు, ఆమె కూడా తిట్టుకుంటూ నవ్వుతుంది, అంతటితో అయిపోతుంది అనుకున్నాను. కానీ అత్త ముక్క పెట్టేటప్పుడు ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ చివర కూచున్న చిన్నకోడలినే చూస్తున్నారు. జనం ఏం కోరుకుంటున్నారో నాకు అర్థమైంది. అది ఇస్తే ఇల్లంతా నోరు తెరుచుకుని చూస్తుందని కూడా అర్థమైంది. అత్త ముక్కను అట్లే పోనిచ్చాను. చిన్నకోడలు తన ముక్క పెట్టినప్పుడు వేలు పెట్టాను. వేలు తనంతట తానే పోయిందని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నేనే పెట్టాను.

పేకను చాప మీద విసనకర్రలా పరిచాను. అన్నీ బోర్లా ఉన్నాయి. మధ్యలో ఒకటి వెల్లకిలా ఉంది. ఆటీను ఏడు.

“ఎవరిది?” అన్నాను, తెలియనట్టు.

ఆమె వంగి ముక్కను చూసింది. తర్వాత, “నాదే అన్నా” అంది.

ఒక్కరూ నవ్వలేదు. పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుని “అబ్బా, ఎట్ల తిరిగిందప్పా అది!” అంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ క్షణంలో ఆ మాట నాకు బాగుంది.

మా అత్త లేచి దేవుడి గూటి దగ్గరికి పోయి, పళ్ళెంలో కర్పూరం పెట్టి వెలిగించి తెచ్చి చిన్నకోడలి ముందు పెట్టింది. “తీయలేదంటే ఇది చేత్తో ఆర్పి ప్రమాణం సెయ్యి.”

“తమాషాకు చేసినాను అత్తా” అన్నాను.

“దొరికినంక తమాషా అంటాండావు. పరాయి పిల్ల పరువు పోతాదని నీకు జాలి. నాకు తెలీదా నీ సంగతి?”

ఆ ఒక్క మాటకే నేను నోరు మూసుకున్నాను. గట్టిగా అరవాల్సింది. ఆ పేకను వాళ్ళ ముందు చింపాల్సింది. కర్పూరం మండుతూనే ఉంది. ఆ అమ్మాయి దాని వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

“మీరు అడిగితే ఆర్పుతాను అత్తా. పేకముక్క అడిగితే ఆర్పను” అంది. లోపలికి పోయి సంచిలో బట్టలు పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు కుప్పం వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

సాయంత్రం మదనపల్లెకు తిరిగి వస్తుంటే నా భార్య బస్సులో మెల్లగా అడిగింది. “ఆ పిల్లే తీసిందని నీకెట్ల తెలిసింది?”

“నాకు తెలీదు.”

“మరి ముక్క?”

“నేనే తిప్పినా.”

ఆమె నా ఒళ్ళో పడుకున్న పాపను తీసి తన ఒళ్ళో వేసుకుంది.

ఇంటికి చేరే సరికి పిల్లాడు తీసిన వీడియో చుట్టాల గ్రూపుల్లో తిరుగుతోంది. కింద చేతులు జోడించిన బొమ్మలు, ‘సత్యం దాగదు’ లాంటి మాటలు. కుప్పంలో ఆ అమ్మాయి పుట్టింటి వీధికి కూడా చేరిందని మర్నాడు తెలిసింది. బావమరిది ఫోన్ చేస్తే ఆమె ఎత్తడం లేదంట. అత్త మాత్రం, ప్రమాణం చేసే దాకా ఆ పిల్ల గడప తొక్కకూడదు అంటోంది. ముక్క చెప్పిన అబద్ధాన్ని ముక్కతోనే చెరపాలి. వేరే దారి కనబడలేదు.

ముందు గాజుల అంగడికి పోయాను. పెద్దాయన అప్పటికే వీడియో చూసి ఉన్నాడు. నేను కిటుకు బయటపెడతానని చెబితే, సర్దుతున్న గాజుల పెట్టె పక్కన పెట్టాడు.

“ఏం కండక్టర్ సాబ్, దాన్ని కూడా వీడియో తీపిస్తావా?”

“తీపించాల. అది పోయిన చోటికల్లా ఇదీ పోవాల.”

“ఆ ఆటతో నేను సగం కార్యక్రమం నడుపుతాను. రేపు పుంగనూరు స్కూల్లో పేక తీస్తే పిల్లకాయలు నా చిటికెన వేలు చూస్తారు.”

“ఆ పిల్ల బతుకు…”

“నీకు చెయ్యి నేర్పినా. బుద్ధి కూడా నేనే నేర్పాల్నా?” అని అటు తిరిగి గాజులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు నిలబడ్డాను. ఆయన మళ్ళీ ఇటు తిరగలేదు.

పుంగనూరులో అదే చాప, అదే మనుషులు. ఎవరూ రానని అనకుండా నా భార్య ముందే పోయి అందరినీ పోగుచేసింది. వీడియో తీసిన పిల్లాడికి ఈసారి నేనే చెప్పి ఫోన్ పట్టించాను. వేలు ఎక్కడ పెట్టేదీ, ముక్క ఎట్లా తిప్పేదీ మెల్లగా చేసి చూపించాను.

అత్త కదల్లేదు. “ఇట్ల కూడా సెయ్యొచ్చేమో. ఆ పొద్దు అది నిజంగానే తిరిగుండొచ్చు కదా?”

అబద్ధాన్ని ఒక్కసారి చూసి నమ్మినవాళ్ళు నిజాన్ని చూసి కూడా సందేహిస్తున్నారు. మళ్ళీ ముక్కలు తీయించాను. పెద్దమ్మ ముక్క వెల్లకిలా తిరిగింది. కిటుకు ఇప్పుడే కళ్ళారా చూసి కూడా ఆమె గుండెల మీద చేయి పెట్టుకుని, “ఓయమ్మా, నేను ఆ గూడు దిక్కు పోనన్నా పోలేదే!” అంది. మళ్ళీ చేశాను, బావమరిది దొంగ అయ్యాడు. మళ్ళీ చేశాను, నా భార్య దొంగ అయింది. పెద్దమ్మ మెల్లగా అత్త వైపు చూడటం మొదలుపెట్టింది. అత్త ముఖంలో మాత్రం మార్పు లేదు.

చివరికి పేక అత్త చేతిలో పెట్టాను. “నువ్వే చెయ్యి అత్తా.”

పాలు పిండి పిండి మొద్దుబారిన వేళ్ళు ఆమెవి. ముక్కలు చాప మీద పడిపోయాయి. ఏరి ఇచ్చాను. మళ్ళీ పడ్డాయి. నేను పక్కన కూచుని ఆమె చిటికెన వేలును పట్టుకుని సందులో పెట్టాను. కొడుకు ముక్క పెట్టాడు. ఆమె తడుముకుంటూ కోసింది, అందరికీ కనబడేట్టే తిప్పింది, మళ్ళీ కోసి చాప మీద పరిచింది. కొడుకు ముక్క వెల్లకిలా పడి ఉంది.

అత్త దాని వైపు చూడలేదు. తన చేతినే తిప్పి తిప్పి చూసుకుంది.

“ఇంతేనా?”

“ఇంతే అత్తా.”

“ఈ ఏలి కోసమా నేను కర్పూరం ఎలిగించింది?”

ముక్కలను పక్కకు నెట్టి, “నీ బస్సు రేపు ఎన్ని గంటలకు?” అంది.

మర్నాడు పుంగనూరులో అత్త, బావమరిది నా బస్సెక్కారు. కుప్పంలో బండి ఆగాక వాళ్ళతో నేనూ ఆ ఇంటికి పోయాను. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నేను వాకిట్లో నిలబడి, ముక్క తిప్పింది నేనేనని, ఆమెను ఎంచుకున్నది కూడా నేనేనని, వాళ్ళమ్మా పక్కింటివాళ్ళూ వినేట్టు చెప్పాను. క్షమించమన్నాను.

“కమ్మలు ఇంకా దొరకలేదు కదా” అంది ఆమె, నాతో కాదు, అత్తతో. “రేపు ఇంకెవరో ఇంకో ముక్క తిప్పితే?”

“తిప్పిన చెయ్యి పట్టుకుంటానమ్మా. నాకిప్పుడు యాడ పట్టుకోవాల్నో తెలుసు” అంది అత్త.

ఆ అమ్మాయి లోపలికి పోయి అత్తకు, మొగుడికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఆ రోజు వాళ్ళతో బయలుదేరనూ లేదు.

కమ్మలు ఇప్పటికీ దొరకలేదు. పాప చెవులకు వెండి తీగెలే ఉన్నాయి. గాజుల అంగడి ముందు నుంచి పోయేటప్పుడు నేను ఆగి నమస్కారం పెడతాను, పెద్దాయన పలకడు. రెండో వీడియో కూడా అంతటా తిరిగాక స్కూళ్ళలో ఆయన ఆ ఆట మానేశాడని విన్నాను. ఆ నష్టాన్ని పూడ్చే దారి ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

తర్వాత ఒక పొద్దున కుప్పంలో ఆ అమ్మాయి సంచితో నా బస్సెక్కింది. బావమరిది ముందే వచ్చి కిటికీ పక్కన సీటు పట్టి ఉన్నాడు. “రెండు పుంగనూరు” అంది. ‘అన్నా’ అని పిలవలేదు. నేను మిషన్ నొక్కుతుంటే ఆమె నా ముఖం చూడలేదు, నా చేతులనే చూస్తోంది. నేను అటు తిరగలేదు. రెండు చేతులూ, వేళ్ళన్నీ ఆమెకు కనబడేట్టు పెట్టి టికెట్లు ఇచ్చాను.