ఎలుక కొరికిన ముక్కు

1995 మార్చిలో, దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి ఇంకా ఏడాది నిండకముందే, డర్బన్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో చేరాను. మన దగ్గర నేను అసిస్టెంట్ ప్రొఫెసర్ని. ఇక్కడివాళ్లు నా డిగ్రీలన్నీ తిరగేసి, తల పంకించి, సీనియర్ మెడికల్ ఆఫీసర్ అన్నారు. అంటే కత్తి పట్టుకోవచ్చు గాని, ఎవరికి ఆపరేషన్ చెయ్యాలన్న చివరి సంతకం విభాగాధిపతిది. నాకు అసలే కోపం ఎక్కువ. మొదటి ఆరు నెలలూ ఆ సంతకంతోనే తగువు పడ్డాను.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే జనానికి సినిమా తారల ముక్కులు గుర్తొస్తాయి. మా వార్డు నిండా పారఫిన్ స్టవ్, అంటే మన కిరసనాయిలు స్టవ్, అంటుకుని కాలినవాళ్లు, కుక్క కరిచిన పిల్లలు, గ్రహణమొర్రి పసికందులు. పల్లెల్లో క్లినిక్కులు ముందు, మిగతావి తర్వాత అని కొత్త ప్రభుత్వం పట్టుబట్టిన రోజులవి. అందం కోసం చేసే ఆపరేషన్లకు మా థియేటర్‌లో చోటు లేదన్నారు. ప్రతి రోగి కాగితం మీదా రెండు గళ్లు ఉండేవి. ఒకటి పునర్నిర్మాణం, రెండోది సౌందర్యం. మొదటి గడిలో టిక్కు పడితే వరసలో నిలబడొచ్చు. రెండో గడిలో పడితే ఇంటికి పోవడమే.

ఈ రెంటినీ విడదీయడానికి మా గురువుగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. రోగి చేతికి చిన్న అద్దం ఇచ్చి, ఇబ్బంది ఎక్కడో ఒక్క వేలితో చూపించమనాలి. వేలు ఒకచోట ఆగితే మనం ఏదైనా చెయ్యగలం. అరచేత్తో మొహమంతా తడిమేవాళ్లకు కత్తితో పని లేదు, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. వేలు ఆగినా సరే, నెల రోజులు ఆగి మళ్లీ రమ్మనాలి. నెలలో సగంమంది రారు. అది మంచిదే.

మరుసటి ఏడాది మొదట్లో ఒక ఫైలు మీద పెంటమ్మ అన్న పేరు చూసి ఉలిక్కిపడ్డాను. ఆవిడకు యాభై రెండేళ్లు. ఉండేది డర్బన్‌కు ఉత్తరాన, వెరులం పక్కన ఒట్టావా అనే ఊళ్లో. బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను మీద పని చేస్తూ, అక్కడే యూనియన్ ప్రతినిధి కూడా అయింది. ఫ్యాక్టరీలో, ఆదివారం వెళ్లే పెంతెకొస్తు చర్చిలో అందరికీ పెన్నీ ఆంటీ. నేనూ ఆంటీ అనే పిలిచాను, ఇక్కడ మర్యాద అదే. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగులో మిగిలినవి అమ్మా, అవ్వా, నాలుగు కూరల పేర్లు, నాలుగు తిట్లు.

అద్దం ఇవ్వగానే ఆవిడ వేలు నేరుగా ఎడమ ముక్కుపుటం అంచు మీద ఆగింది. అక్కడ చింతగింజంత కండ లేదు. షాకాస్‌క్రాల్ అనే చోట, తెలుగు కూలీలు ఉండే చెరకు తోటల బ్యారక్‌లో పసితనంలో ఎలుక కొరికిందట. ఇన్నేళ్లూ ఓర్చుకుని ఇప్పుడెందుకు వచ్చారని అడిగాను. ఆ ఏడాది మా ప్రావిన్సులో స్థానిక ఎన్నికలు రాబోతున్నాయి. వీధివాళ్లంతా ఆవిడనే నిలబడమంటున్నారు. నిలబడితే ప్రతి కరెంటు స్తంభం మీదా ఆవిడ ఫొటో పెడతారు. ముక్కు బాగైతేనే పేరు ఇస్తానని వాళ్లతో తెగేసి చెప్పి వచ్చింది.

ఎలుక పళ్లు ఎలా కొరుకుతాయో నాకు తెలుసు. అంచు చిందరవందరగా ఉంటుంది. ఇది తిన్నగా, ఒక్క కోతలో పోయిన ముక్క. దానికి తోడు ఆ పేరు. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. వచ్చేసారి అమ్మగారిని కూడా తీసుకురమ్మన్నాను. గాయానికి కారణం రాయాలి, అది చూసినవాళ్లు చెబితే మంచిది అన్నాను. నిజానికి సగం కుతూహలం.

తల్లికి డెబ్బై అయిదు దాటాయి. ఈ దేశంలోనే పుట్టినా ఆవిడకు తెలుగే ముందు నోటికి వచ్చేది. అవ్వా, ఈ ముక్కు సంగతి చెప్పమ్మా అని అడగ్గానే కూతురి వంక చూసింది. కూతురికి మాట అర్థం కాదని ధైర్యం తెచ్చుకుని నాతో చెప్పింది.

"ముగ్గురు పోయినారయ్యా. ఇది నాలుగోది. చక్కగా ఉంటే యముడు దీన్ని కూడా తీసుకపోతాడని మా అత్త బ్లేడుతో కోసింది. కదలకుండా బిడ్డ తలకాయ నేనే పట్టుకున్నాను. పెంట మీద పండబెట్టి ఆ పేరు పెట్టినాము. ఎవరికీ చెప్పగూడదు, చెప్తే పని చెయ్యదు అన్నది."

నాకు ఒళ్లు మండింది. పసిపిల్ల ముక్కు కోస్తారా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ వయసు చూసి మింగేశాను. ఇంతలో కూతురు, ఏమంటోంది డాక్టర్ అని అడిగింది. చెప్పకుండా ఎలుక అని రాసేస్తే ఎవరికీ నష్టం లేదు. ఎలుక కాటు అంటే విభాగాధిపతి కళ్లు మూసుకుని సంతకం పెడతాడు కూడా. కానీ అడిగింది ఆవిడ, ముక్కు ఆవిడది. మాటకు మాట చెప్పేశాను. పేరుకు అర్థం కూడా చెప్పాను.

ఆవిడ బల్ల మీది అద్దం తీసి ముక్కు చూసుకుంది. తర్వాత నాతో అన్నది నాకు బాగా గుర్తు. తనను నేల మీద పడేసి ఎలకలకు వదిలేసిందని అమ్మ మీద చిన్నప్పటినుంచీ కోపమట. ముక్కు చూసుకున్నప్పుడల్లా కనిపించేది ముక్కు కాదు, తనను పట్టించుకోని తల్లి. అప్పుడు తల్లి వైపు తిరిగి, తనకున్న కాస్త తెలుగునూ కూడదీసుకుని, "అమ్మా, ఎందుకు చెప్పలే?" అంది.

"చెప్తే నువ్వు పోతావు గదే. ఇప్పటికీ నాకు భయమే" అంది తల్లి.

నెల రోజుల నియమం ఆవిడకూ వర్తిస్తుందని చెప్పి పంపేశాను. కారణం గడిలో బాల్యంలో బ్లేడు కోత అని రాశాను. విభాగాధిపతి చదివి, ఇది ఆచారం, సౌందర్యం గడిలో వెయ్యి అన్నాడు. ఎవరు కోసినా, ఎంత ప్రేమతో కోసినా, పోయిన కండ పోయిన కండే కదా అని వాదించాను. ఆయన మర్నాడు పొద్దున సంతకం పెట్టాడు. నెల తర్వాత వచ్చే శుక్రవారం ఆపరేషన్ల జాబితాలో చివర అరగంట దొరికింది.

నెల తిరక్కుండానే ఆవిడ చేసిన పనికి నేను నిర్ఘాంతపోయాను. మడిచిన పోస్టరు ఒకటి తెచ్చి నా బల్ల మీద పరిచింది. నామినేషన్ వేసేసింది. ఫొటో సూటిగా, ముక్కు గాటు ఉన్నది ఉన్నట్టు. అలాంటప్పుడు ఆపరేషన్ ఎందుకు, మానేద్దామా అన్నాను. మానేది లేదంది. పోస్టరు వీధికోసం, ముక్కు తనకోసం అని నవ్వింది.

ఇలాంటి చిన్న లోటుకు చెవి అంచు నుంచి ముక్క తీసి అతుకుతాం. చర్మం, మధ్యలో మెత్తటి ఎముక, మళ్లీ చర్మం. మూడూ కలిసిన ముక్క ఒంట్లో మరెక్కడా అంత కుదురుగా దొరకదు. ఒకచోట తీస్తేగాని మరోచోట పెట్టలేం కాబట్టి, చెవికి చిన్న గాటు మిగులుతుందని ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. అది తల్లికి తెలుగులో చెబితే ఆవిడ మొహం విప్పారింది. "చెవికి ఉంటదా? ఒంటి మీద ఒక గాటు ఉంటే చాలయ్యా" అంది. కూతురికి అదీ అనువదించాను. ఈసారి ఇద్దరూ నవ్వారు.

అతికిన ముక్క మొదటిరోజు తెల్లగా పాలిపోతుంది. రెండోరోజు నీలంగా మారుతుంది. అప్పుడు బతికిందో చచ్చిందో ఎవరూ చెప్పలేరు. వారానికి గులాబీరంగు తిరిగితే నిలిచినట్టు. పెంటమ్మగారి ముక్క అయిదోరోజుకే రంగు తిరిగింది. ముక్కుకూ చెవికీ ప్లాస్టర్లతోనే ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగింది. పోస్టరు మీద ఒక ముక్కు, గుమ్మంలో ఇంకో ముక్కు చూసి జనం నవ్వారట. ఓడిపోయింది. ఆ సంగతి చివరి తనిఖీకి వచ్చినప్పుడు తనే చెప్పి, వచ్చేసారి చూద్దాం అంది. నేను ముక్కు కొలతలు రాసుకుని ఫైలు మూసేశాను.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు అదే పని చేసి రిటైరయ్యాను. ఒంటి మీద అసంతృప్తికి సర్జరీ సరైన జవాబేనా అని నన్ను చాలామంది అడుగుతారు. ముక్కు బాగైతే బతుకు మొదలవుతుందని వచ్చినవాళ్లకు నేను ముక్కు బాగుచేశాను. వాళ్లు రెండేళ్లకు గడ్డం చూపించుకోవడానికి వచ్చారు. బతుకు ముందే మొదలుపెట్టి, తీరిక చూసుకుని వచ్చినవాళ్లు కుట్లు విప్పించుకుని పోయారు, మళ్లీ కనిపించలేదు. అందుకని పెంటమ్మగారి తర్వాత అద్దంతో పాటు ఒక ప్రశ్న కూడా చేర్చుకున్నాను. ఈ ఆపరేషన్ కుదరదంటే రేపు ఏం చేస్తారు అని అడిగేవాణ్ణి. రేపు ఏం చేస్తారో చెప్పగలిగినవాళ్లనే థియేటర్‌కు రాశాను.