పీచ్ పండు పెట్టే అగాత్సియో బాబాయి

ఫికారా ఊళ్ళో సముద్రంలో దిగాలంటే అలలు ఎలా ఉన్నాయో చూసుకోనక్కర్లేదు. ఈత వచ్చా అని కూడా ఎవరూ అడగరు. భోజనానికి ఏం తిన్నారో అగాత్సియో బాబాయికి చెప్పుకుంటే చాలు. ఆయన విని, కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, ఎప్పుడు దిగాలో చెబుతాడు. ఎవరు ఏం తిన్నా అది సాయంత్రం నాలుగింటికే అవుతుంది.

తిని నీళ్ళలో దిగితే అరుగుదల ఆగిపోతుందనీ, కడుపు పట్టేసి మనిషి మునిగిపోతాడనీ ఆ తీరంలో ప్రతి తల్లీ పిల్లలకు చెప్పేదే. మిగతావాళ్ళు తమ పిల్లలకు చెప్పి ఊరుకుంటారు. బాబాయి లోకమంతటికీ చెబుతాడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన రైలు గేటు దగ్గర కాపలా. ఊరు పట్టాలకు ఇటు, సముద్రం అటు. రైల్వేవాళ్ళు గేటు పీకేసి పట్టాల కింద నుంచి దారి తవ్వినప్పుడు బాబాయిని ఇంటికి పంపారు గానీ ఆయన ఈలనీ ఎర్రజెండానీ వెనక్కి అడగడం మరిచిపోయారు. ఏళ్ళ తరబడి గేటు వేసిన చెయ్యి ఊరికే ఉంటుందా? భోజనాల వేళకి ఆ దారి ఇసుకలోకి తెరుచుకునే చోట మడత కుర్చీ వేసి, పక్కన జెండా పాతి, సముద్రాన్నే మూసేశాడు.

"ఏం తిన్నారు?"

"పాస్తా."

"దేంతో?"

"సార్డీన్ చేపలతో."

"నాలుగింటికి రండి."

"నేను పుచ్చకాయ ముక్క ఒక్కటే తిన్నాను బాబాయ్!"

"పుచ్చకాయంటే నీళ్ళేగా. లోపలా నీళ్ళు, బయటా నీళ్ళు. రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవడు చూడొచ్చాడు? నాలుగింటికి రా."

ఒకసారి నేపుల్స్ నుంచి వచ్చిన డాక్టరు ఆయనకు బుద్ధి చెప్పబోయాడు.

"చూడండి పెద్దాయనా, ఇది వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు."

"తమరేం తిన్నారు డాక్టరు గారూ?"

"వంకాయ పర్మిజానా, జున్ను పెట్టి కాల్చింది."

"ఎన్నిసార్లు వడ్డించుకున్నారు?"

"మూడు," అంది వెనక నుంచి డాక్టరు భార్య.

"నాలుగింటికి రండి. వచ్చేటప్పుడు ఆ శాస్త్రం కూడా పట్టుకురండి, ఖాళీగా ఉన్నప్పుడు చదువుకుంటాను."

అన్నిటికంటే ఎక్కువగా జర్మనీ ఆయన సంగతి ఊరంతా చెప్పుకుంటారు. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఆ మాట వినగానే బాబాయి మొహం వాడిపోయింది. ఏమీ తినని మనిషిని ఆపడానికి ఆయన దగ్గర నియమం లేదు. కాసేపు తటపటాయించి, జేబులోంచి బాగా పండిన పీచ్ పండు తీశాడు.

"ఇంత ఎండలో ఖాళీ కడుపుతోనా? తప్పు నాయనా. మా పెరట్లోదే, తిను."

జర్మనీ ఆయన కరిగిపోయాడు. రసం మోచేతి దాకా కారుతుండగా ఆఖరి ముక్క వరకూ తిని, గుండె మీద చెయ్యి వేసుకుని కృతజ్ఞత చెప్పి, నీళ్ళకేసి రెండడుగులు వేశాడు. ఈల మోగింది.

"ఏం తిన్నారు?"

"మీరిచ్చిన పండేగా!"

"నాలుగింటికి రండి."

అప్పట్నుంచి బాబాయి జేబుల్లో పీచ్ పళ్ళు ఎప్పుడూ ఉంటాయి.

ఈ కథలు చెప్పి అందరికంటే ఎక్కువ నవ్వేది ఫిలొమేన. ఈ వేసవి మొదలైన దగ్గర్నుంచి ఆమెకు నవ్వు రావడం మానేసింది. ఒడ్డున గొడుగులూ పడక కుర్చీలూ వేసి అద్దెకిచ్చే హక్కు మొదటిసారి ఆమెకే వచ్చింది. చేపల పడవ మీద మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఇక దీని మీదే బతకాలి. వచ్చినవాళ్ళేమో నాలుగింటిదాకా గొడుగు ఎందుకని అడుగుతున్నారు.

ముందు వరస గొడుగులన్నీ మిలాన్ నుంచి దిగిన ఓర్నెల్లా అనే ఆవిడ బలగానివి. ఒకరోజు ఆవిడ నల్లకళ్ళజోడు నుదుటి మీదకి తోసి తేల్చి చెప్పేసింది.

"సముద్రానికి తాళం వేసే ఊరు నేనెక్కడా చూడలేదు ఫిలొమేనా. ఆ మనిషన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి. రేపు సాయంత్రంలోగా తేల్చు. పక్క ఊళ్ళో రోజంతా దిగనిస్తారట."

ముందు వరస పోతే వెనక వరసలు ఆగవు. ఫిలొమేన తిన్నగా ఠాణాకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు అంతా శ్రద్ధగా విని కలం కింద పెట్టాడు.

"అంటే ఆ మిలాన్ వాళ్ళు తినగానే దిగుతామంటున్నారా?"

"అవును."

"వాళ్ళకేమైనా పిచ్చా?"

"మీరు కూడానా సార్!"

"అమ్మా, నేను చట్టానికి భయపడతాను, అంతకంటే మా అమ్మకి భయపడతాను. తిని దిగమని నేను సంతకం పెట్టినట్టు ఆవిడకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు."

అక్కడ పని జరగక, గోడు వెళ్ళబోసుకోవడానికి రొసీనక్క కుట్టుకొట్టుకి పోయింది. చిన్నప్పుడు పోలియో వచ్చి రొసీనక్కకు ఒక కాలు చచ్చుబడిపోయింది. దానికి ఇనుప కమ్మీలు బిగించుకుని, ఎత్తు మడమ జోడు తొడుక్కుని, రోజంతా బల్ల వెనకే కూచుంటుంది. నలుగురిలో నడవాల్సి వస్తే చీకటి పడ్డాక నడుస్తుంది. ఫిలొమేన పెళ్ళి గౌను కుట్టిందీ ఆవిడే, గొడుగుల గుడ్డ కుట్టిందీ ఆవిడే.

"పోనీలేవే, ముసలాయన. నాలుగింటిదాకా ఆగితే వాళ్ళదేం పోతుంది?" అంది రొసీనక్క సూదిలో దారం ఎక్కిస్తూ.

"నీకేం తల్లీ, ఒక్కరోజైనా సముద్రం మొహం చూశావా?"

"చెమ్మ నాకు పడదమ్మా."

ఆ మాట అంటుండగా ఆవిడ కడుపు గుర్రుమంది. ఫిలొమేన సంచిలోంచి వేడి రొట్టె తీసి ఇచ్చింది. "ఇప్పుడొద్దు. తర్వాత తింటాలే," అని రొసీనక్క రొట్టె పక్కన పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఊరు తలుపులు బిగించుకుని పడుకుంది. ఆ వేళ ఫికారాలో కుక్కలు కూడా మొరగవు. బుద్ధెరిగాక ఆ వేళప్పుడు ఫిలొమేన మంచం దిగిందీ లేదు. ఈరోజు మాత్రం ఆ జెండా పీకి సముద్రంలో విసిరేస్తే గానీ నిద్రపోనని ఒట్టు పెట్టుకుని, పట్టాల కింద దారిలోంచి విసవిసా వెళ్ళింది. అవతలి కొసన బాబాయి సముద్రానికి వీపు పెట్టి, దారికేసి చూస్తూ కూచుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డ మూట కట్టిన గిన్నె ఉంది.

"ఏం తిన్నావు?"

"నేను దిగడానికి రాలేదు బాబాయ్! నా పొట్ట కొడుతున్నారు మీరు. తీయండి ఆ జెండా, ముందు..."

బాబాయి భుజం మీదుగా ఇసుకలో పరిచిన తువ్వాలు కనబడింది. దాని మీద ఇనుప కమ్మీలు, ఎత్తు మడమ జోడు ఉన్నాయి. దూరంగా నీళ్ళలో ఒక నెరిసిన తల హాయిగా సాగిపోతోంది. చూస్తుండగానే వెల్లకిలా తిరిగి, చేతులతో నీళ్ళు చిమ్మి, చిన్నపిల్లలా పకపకా నవ్వింది.

"అటు చూడకు. ఇలా వచ్చి పట్టాలకేసి తిరిగి కూచో," అన్నాడు బాబాయి.

ఫిలొమేన పట్టాలకేసి తిరిగి ఇసుకలో కూచుంది.

"ఎప్పట్నుంచి?"

"గేటు ఉన్న రోజుల్లో ఈ వేళకి వచ్చి నిలబడేది. రైలు లేదు, దాటమ్మా అనేవాణ్ణి. ఒడ్డున ఎవరో ఉన్నారనేది, వెనక్కి పోయేది. అదే వరస రోజూ. గేటు పీకేసిన రోజున వెళ్ళి చెప్పాను, రేపట్నుంచి ఎవరూ ఉండరు, రా అని."

"అంటే ఆ అరుగుదల, కడుపు పట్టెయ్యడం, అదంతా ఉత్తదేనా?"

బాబాయి ఆమెకేసి నిజంగా నొచ్చుకుని చూశాడు. తర్వాత తల తిప్పకుండానే గొంతెత్తి కేకేశాడు.

"రొసీనా! ఏం తిన్నావు?"

"పొద్దున్నుంచీ వట్టి మంచినీళ్ళే!" నీళ్ళలోంచి జవాబొచ్చింది. "ఇన్నేళ్ళూ మాడ్చి చంపుతున్నావు కదయ్యా!"

"గట్టెక్కాకే తిండి!" అని గిన్నె మూట ఇంకాస్త బిగించి, ఫిలొమేన వైపు తిరిగాడు. "ఉత్తదట! చూశావా, ఒక్కనాడైనా మునిగిందా?"

ఫిలొమేన కళ్ళు తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. జెండా జోలికి పోలేదు. ఆ సాయంత్రం ఓర్నెల్లా గారు పెట్టె సర్దుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీరు వెళ్ళేముందు ఒక్క పూట మా ఇంటి భోజనం చెయ్యాలి. మా అత్తగారి చేతి వంట. అది తిన్నాక కూడా పోతామంటే ఆపను."

మర్నాడు ఫిలొమేన ఇంటి పెరటి ద్రాక్ష పందిరి కింద వంకాయ పర్మిజానా, కారం మాంసపు ముద్ద రాసిన రొట్టెలు, గొర్రెపాల జున్ను, తియ్యటి ద్రాక్షసారా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అత్తగారు ఎవరి కంచమూ ఖాళీ కానివ్వలేదు. పళ్ళ వంతు వచ్చేసరికి ముందు వరస మొత్తం పందిరి కింద ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు. నోరు తెరుచుకుని గురకపెడుతున్న ఓర్నెల్లా గారి మొహంలో అంత ప్రశాంతత ఆవిడ బలగమే ఎప్పుడూ చూడలేదట. నాలుగింటికి లేచి, రేపు కూడా ఇదే వంటా అని అడిగింది. పెట్టె సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ భర్త ఒక్కడే చిక్కు తెచ్చాడు. బరువు తగ్గమని మిలాన్‌లో వాళ్ళ డాక్టరు చెప్పాడట, నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం భోజనం మానేశాడు. అందరూ పడుకున్నాక తువ్వాలు భుజాన వేసుకుని, పిల్లిలా పట్టాల వైపు బయల్దేరాడు. దారి మొదట్లోనే ఫిలొమేన ఎదురైంది.

"ఏం తిన్నారండీ?"

"ఏమీ తినలేదు!" అన్నాడాయన గర్వంగా.

"అయ్యో, ఇంత ఎండలో ఖాళీ కడుపుతోనా?" అంటూ ఫిలొమేన ఏప్రన్ జేబులోంచి బాగా పండిన పీచ్ పండు తీసింది.