ముందు రాసుకుని, తర్వాత విరిచినవాణ్ణి

ఆ రోజుల్లో, అంటే మా రాష్ట్రం కొత్తగా ఏర్పడినప్పుడు, డైరీకెక్కని పని చేసినట్టే అనిపించేది కాదు నాకు. (అప్పటికే నాకు ముప్పై అయిదు దాటాయి గానీ, ఇప్పుడు రిటైరైనవాడి లెక్కలో అది కుర్రతనమే.) రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో, మా బావ పనిచేసే స్టీలు మిల్లులోనే, పరీక్షల గదిలో ఉద్యోగం. దూరాన కడుతున్న ఒక అణు రియాక్టర్‌కి మా ప్లేట్లు వెళ్లేవి. ప్రతి లోడు నుంచీ వేలెడంత ముక్కలు కోసి, గంటు పెట్టి, మంచుకన్నా చల్లని స్పిరిట్ తొట్టెలో ఉంచి, బయటికి తీసిన అయిదు సెకన్లలో ఊగే సుత్తితో కొట్టాలి. తేలిగ్గా విరిగితే ప్లేటు పనికిరాదు. నేనేమో ముక్కను తీసి, తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, తీసిన సమయం సెకన్లతో సహా గుండ్రని అక్షరాల్లో డైరీలో రాసి, అప్పుడు సుత్తి వదిలేవాణ్ణి. కొట్టిన సమయం మళ్లీ రాసేవాణ్ణి. ఒక్క ముక్కా ఫెయిలయ్యేది కాదు. "నీ హాథ్‌లో జాదూ ఉందిరా బామ్మర్దీ! ఏం హస్తవాసి!" అని బావ సమోసాలు తెప్పించేవాడు. నేను నమ్మాను కూడా.

ఒకరోజు రియాక్టర్ తరఫున తనిఖీకి ఒక ముసలాయన వచ్చాడు. నా పక్కన నిలబడి, స్టాప్‌వాచ్ చూసి, "పహలే తోడో భాయీ, ఫిర్ లిఖో" అన్నాడు. ముందు విరగ్గొట్టు, తర్వాత రాసుకో అని. అలాగే చేశాను. ముక్క అప్పడంలా టప్పున విరిగింది. రెండోదీ అంతే. ఇన్నాళ్లూ నేను తుడిచి, రాసేలోగా అవి వెచ్చబడి దృఢంగా నటించాయన్నమాట! "లోపల ఏళ్ల తరబడి న్యూట్రాన్లు కొడుతుంటే మంచి ఉక్కే పెళుసెక్కుతుంది. ఇది పుట్టుకతోనే పెళుసు" అన్నాడాయన హిందీలో, నెమ్మదిగా. "ఇంతకు ముందు పంపినవి?"

రిజిస్టరులో ఫలితాలే ఉంటాయి. సెకన్లు ఉన్నది నా డైరీలో మాత్రమే.

"ఇంటికి పట్టుకుపోరా దాన్ని" అన్నాడు బావ నా చెవిలో. "ఆర్డర్ పోతే నా షిఫ్టు బంద్. మీ అక్క మొహం ఎలా చూస్తావేటి?"

రాసింది దాచడం నాకు చేతకాలేదు. ఇచ్చేశాను. లారీలు వెనక్కి వచ్చాయి. ప్లేట్లు మళ్లీ పరీక్షిస్తే చాలావరకు పెళుసే. బావ షిఫ్టూ పోయింది, నా గదికీ తాళం పడింది. ఆ డైరీ మళ్లీ నా చేతికి రాలేదు. అక్క రెండేళ్లు నాకు రాఖీ కట్టలేదు.

మూడో ఏడు రాఖీ పండక్కి వచ్చింది. దారం తీసింది. వెనకనుంచి బావ, "ఆగవే, ముందు టైం రాసుకోనీ వాణ్ణి!" అన్నాడు. అక్క ఆపుకోలేక నవ్వేసింది.

తర్వాత రాద్దామనుకున్నాను. ఇన్నేళ్ల డైరీల్లో ఖాళీగా మిగిలింది ఆ రాఖీ రోజు పేజీ ఒక్కటే. అప్పుడప్పుడూ తీసి, అదే చదువుకుంటూ ఉంటాను.